వేప గింజలని కొన్నాను, అవి వేపేనా? పురుగును ఆపే మొక్కలను జన్యువుతో గుర్తించడం గురించి

టమాటా తోట, పుంగనూరు · ఆదివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది పుంగనూరు దగ్గర పల్లె. ఎకరన్నర టమాటా వేస్తాను. మూడేళ్లుగా కాయతొలుచు పురుగుకు వేప గింజల కషాయమే కొడుతున్నాను. మొదటి రెండేళ్లు మా గట్టు మీది చెట్ల కింద రాలిన పండ్లు ఏరుకుని, నీడన ఆరబెట్టి వాడాను. పురుగు పూర్తిగా పోలేదు గాని అదుపులో ఉండేది. పోయిన వేసవిలో గాలివానకు పూత రాలి మా చెట్లు సరిగా కాయలేదు. అందుకని ఒక అంగడిలో రెండు బస్తాల గింజలు కొన్నాను.

ఎప్పటిలాగే 5 కిలోల గింజల పొడిని గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టాను. తెల్లవారి బాగా పిండి, వడకట్టి, 100 లీటర్లకు సరిపెట్టి, కొంచెం సబ్బు పొడి కలిపి కొట్టాను. మూడు సార్లు కొట్టినా పురుగు ఆగలేదు. మొదటి కోతలో సగం కాయలు పుచ్చులే వచ్చాయి.

మొన్న మా బావమరిది మిగిలిన గింజలు చూసి, ఇవి వేపవి కావు, తురక వేపవి అన్నాడు. అంగడాయన మాత్రం వేపే అంటున్నాడు. మొక్క ఏదో జన్యు పరీక్షతో చెప్పవచ్చని విన్నాను. పొడి నుంచి కూడా చెప్పగలరా? నా దగ్గర అర బస్తా గింజలు, ఒక డబ్బా పొడి ఉన్నాయి. తెలిసినవారు దయచేసి చెప్పండి. ఈ ఏడాది కూడా ఇలాగే పోతే నేను మళ్లీ మందుల అంగడికే వెళ్లాలి. ఆ పని నాకు ఇష్టం లేదు.

ఆకు చూసి పేరు, చిత్తూరు · ఆదివారం రాత్రి 9:25

తమ్ముడూ, నేను ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. గింజలు చేతిలో ఉంటే ప్రయోగశాల దాకా పోనవసరం లేదు. ముందు కంటితో చూడండి.

వేప పెంకు సన్నగా, కోలగా, దాదాపు నున్నగా ఉంటుంది. పగలగొడితే మామూలుగా ఒకే పప్పు. తురక వేప పెంకు గుండ్రంగా, చాలా గట్టిగా, నిలువునా ఐదారు చాళ్లు తీరినట్టు ఉంటుంది. అడ్డంగా కోస్తే లోపల గదులు కనిపిస్తాయి, ఒక్కో గదిలో ఒక్కో చిన్న గింజ. మధ్యలో సహజంగానే రంధ్రం ఉంటుంది, అందుకే వాటిని పూసలుగా గుచ్చి దండలు చేసేవారు.

చెట్టు దగ్గరైతే ఇంకా తేలిక. వేప ఈనెకు రెండు వైపులా ఆకులు ఒకే వరుసలో ఉంటాయి, ఒక్కో ఆకు కొడవలిలా వంగి, అంచున రంపపు పళ్లతో ఉంటుంది. తురక వేపలో ఈనె మళ్లీ కొమ్మలుగా చీలి, ఆ కొమ్మలకు ఆకులుంటాయి. వేప పువ్వు తెలుపు, తురక వేప పువ్వు లేత ఊదా. ఆకులన్నీ రాలిపోయిన కొమ్మలకు పసుపు పండ్లు గుత్తులుగా వేలాడుతుంటే అది తురక వేపే. మన వైపు కలప కోసం తోటలుగా వేస్తున్న మలబారు వేప కూడా తురక వేప ఉన్న మేలియా ప్రజాతిదే. పల్లెల్లో ఈ రెంటినీ కొండ వేప అంటారు, గందరగోళం సగం ఈ పేరుతోనే మొదలవుతుంది.

ఒక ముఖ్యమైన మాట. తురక వేప పండ్లలో పశువులకూ మనుషులకూ విషమైన పదార్థాలున్నాయి. ఆ గింజల పిప్పిని ఆవుల కొట్టం దగ్గర పారేయకండి. పిల్లలను ఆ బస్తా దగ్గరికి రానీయకండి.

బార్‌కోడు బల్ల, తిరుపతి · ఆదివారం రాత్రి 11:10

అయ్యవారు చెప్పినదాంతో గింజల సంగతి తేలిపోతుంది. పొడి గురించి నేను చెబుతాను. తిరుపతిలో మొక్కల జన్యువుల మీద పరిశోధన చేస్తున్న విద్యార్థినిని.

పొడిలో ఆకారం ఉండదు, డీఎన్‌ఏ ఉంటుంది. ప్రతి మొక్క కణంలో కొన్ని జన్యు ముక్కలు జాతి జాతికీ కొద్దిగా మారుతూ ఉంటాయి. ఆ ముక్కను చదివి, తెలిసిన జాతుల ముక్కలతో పోల్చడమే బార్‌కోడు పద్ధతి. 2003లో పాల్ హెబర్ట్ బృందం జంతువుల కోసం దీన్ని ప్రతిపాదించింది. వాళ్లు వాడిన మైటోకాండ్రియా జన్యువు మొక్కల్లో చాలా నెమ్మదిగా మారుతుంది, అందువల్ల మొక్కలకు అది పనికిరాలేదు. 2009లో అంతర్జాతీయ బృందం ఒకటి మొక్కలకు ఆకుపచ్చ హరితరేణువులోని రెండు ముక్కలను ఎంచింది: ఆర్‌బీసీఎల్, మాట్‌కే. అప్పట్లో పరీక్షించిన నమూనాల్లో ఈ జంట 72 శాతం జాతులను విడదీయగలిగింది. మిగిలినవి తమ దగ్గరి బంధువుల గుంపులో కలిసిపోయాయి. అందుకే ఇప్పుడు కణ కేంద్రకంలోని ఐటీఎస్2 అనే ముక్కను కూడా చదువుతాము. డీఎన్‌ఏలోని రసాయన అక్షరాల లెక్కలో అది రెండు వందల పైచిలుకు మాత్రమే. పొడిలో, పాత సరుకులో డీఎన్‌ఏ తునకలై ఉంటుంది కాబట్టి పొట్టి ముక్కే చేతికి దొరుకుతుంది.

పని ఇలా సాగుతుంది. చిటికెడు పొడిని సీటాబ్ అనే ద్రావణంలో వేడిచేసి డీఎన్‌ఏను విడదీస్తాము. వేప వంటి మొక్కల్లో జిగురు, టానిన్లు, నూనె ఎక్కువ. అవి డీఎన్‌ఏను పట్టుకుని వదలవు. నాకు మొదటి నెలంతా గోధుమ రంగు జిగురే మిగిలింది. శుభ్రమైన డీఎన్‌ఏ వచ్చాక పీసీఆర్ యంత్రంలో కావలసిన ముక్కను కోట్ల నకళ్లు చేసి, అక్షరాలు చదివిస్తాము.

మీ పొడిలో ఒకే మొక్క ఉంటే ఒక్క చదువుతో తేలుతుంది. రెండు కలిసి ఉంటే మామూలు పద్ధతిలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి చదవరాకుండా పోతాయి. అప్పుడు వేలాది ముక్కలను విడివిడిగా చదివే యంత్రం కావాలి, ఖర్చు పెరుగుతుంది. కాబట్టి ముందు గింజలు లెక్కపెట్టండి.

దశపర్ణి, పాకాల · సోమవారం ఉదయం 6:15

నాకు ఈ చర్చ కొంచెం బాధగా ఉంది, మనసులో మాట చెబుతాను. పదేళ్లుగా ప్రకృతి సేద్యం చేస్తున్నాను. దశపర్ణి కషాయానికి కావలసిన వేప, కానుగ, సీతాఫలం, వావిలి, జిల్లేడు, ఉమ్మెత్త అన్నీ మా ఊరి చుట్టూ ఉన్నాయి. వాటిని గుర్తుపట్టడానికి మాకు యంత్రం అవసరం రాలేదు. మా అవ్వ చీకట్లో వాసన చూసి చెప్పేది. రైతు చేతిలోని విద్యను ప్రయోగశాలకు అప్పజెప్పి, రేపు చీటీ లేని ఆకు చెల్లదంటారేమో అని నా భయం. యూరప్‌లో వేప నూనె మీద పేటెంటు ఇచ్చిన సంగతి మనం మరచిపోకూడదు.

ఆకు చూసి పేరు, చిత్తూరు · సోమవారం ఉదయం 7:50

పేటెంటు సంగతి నిజమే. వేప నూనెతో బూజు తెగుళ్లను అదుపు చేసే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖకూ డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీకీ యూరప్ పేటెంటు కార్యాలయం 1994లో హక్కు ఇచ్చింది. మన దేశంలో ఇది ముందునుంచీ ఉన్న విద్యేనని నిరూపించాక 2000లో రద్దు చేసింది. వాళ్లు అప్పీలు చేస్తే 2005లో అదీ కొట్టివేసింది. ఆ వాదనలో మన దేశపు వాడుకను సాక్ష్యంగా చూపించడం మనకు పనికొచ్చింది. పేరు, వాడుక రాసి పెట్టుకోవడం వల్ల హక్కు పోదమ్మా, నిలుస్తుంది.

మీ అవ్వకు చెట్టు తెలుసు. పుంగనూరు తమ్ముడికి దొరికింది బస్తా. చెట్టుకీ బస్తాకీ మధ్య ముగ్గురు నలుగురి చేతులు మారాయి.

వేప సరుకు, చంద్రగిరి · సోమవారం ఉదయం 10:30

నేను చంద్రగిరి దగ్గర ప్రకృతి సేద్యపు సరుకుల దుకాణం నడుపుతున్నాను. మా దగ్గరికి గింజలు తెచ్చేది చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు. జూన్, జూలైలో రాలిన పండ్లు ఏరి, తొక్క, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి తెస్తారు. గుజ్జుతోనే కుప్పపోస్తే రెండు రోజుల్లో బూజు పడుతుంది, ఆ గింజ నేను తీసుకోను. ఒక్కో మూటలోంచి దోసెడు తీసి చాప మీద పరిచి చూస్తాను. గుండ్రటి పెంకులు ఒకటీ రెండూ కనిపించినా ఆ మూటంతా వెనక్కే. మొదట్లో వాళ్లకు కోపం వచ్చేది. ఎందుకో చూపించాక వాళ్లే ఏరి తెస్తున్నారు.

బార్‌కోడు బల్ల చెల్లెమ్మా, నేను పొడి కూడా కొంటాను. దాన్నెలా నమ్మాలి? నాకు ఇన్నాళ్లూ ఇదే దిగులు.

పంట మాట, తిరుపతి · సోమవారం మధ్యాహ్నం 1:05

గింజ సంగతి తేలేలోపు ఇంకో వైపు కూడా చూడండి. నేను చాలా ఏళ్లు ఊళ్లు తిరిగి రైతులకు సలహాలు చెప్పాను. మంచి వేప గింజతోనూ ఫలితం రాని చోట్లు చూశాను.

వేపలో పురుగును ఆపే ముఖ్య పదార్థం అజాడిరాక్టిన్. అది గింజ పప్పులో ఎక్కువ, ఆకులో చాలా తక్కువ. ఎండ తగిలితే విరిగిపోతుంది, కాబట్టి తెల్లవారి వడకట్టినా సాయంత్రమే కొట్టాలి. రెండు రోజులు నిలవ ఉంచిన కషాయం మీద ఆశ పెట్టుకోకూడదు. గింజ కూడా రెండేళ్లు దాచినది పనిచేయదు. అన్నిటికంటే పెద్ద పొరపాటు, పురుగు పెద్దదై కాయలో తల దూర్చాక కొట్టడం. అజాడిరాక్టిన్ తగిలిన వెంటనే చంపదు. పురుగుకు తిండి రుచించకుండా చేస్తుంది, కుబుసం విడిచే హార్మోనును అడ్డుకుంటుంది. చిన్న పురుగు కుబుసం విడవలేక చస్తుంది. కాయ లోపలికి వెళ్లిన దానికి కషాయం అందదు. ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించే లింగాకర్షక బుట్టల్లో రెక్కల పురుగులు పడటం మొదలైన వారంలోనే మొదటి పిచికారీ పడాలి.

1959లో సూడాన్‌లో మిడతల దండు వచ్చి పచ్చదనమంతా తినేసినా వేప చెట్లను ముట్టలేదు. అక్కడ ఉన్న జర్మన్ కీటక శాస్త్రవేత్త ష్మూటరర్ అది చూశాకే ప్రపంచం వేప వైపు తిరిగింది. మన దేశంలో 1960ల మొదట్లోనే ప్రధాన్ అనే శాస్త్రవేత్త ఢిల్లీలో వేప పప్పు కలిపిన నీటిని పంట మీద చల్లి, మిడతలు దాన్ని తినకపోవడం చూపించారు. ఆ మిడతలు చచ్చిపడలేదు, తినకుండా వెళ్లాయి. పురుగు కళ్ల ముందు రాలిపోవాలని ఎదురుచూసే రైతుకు ఈ తేడా ముందే చెప్పాలి.

టమాటా తోట, పుంగనూరు · సోమవారం మధ్యాహ్నం 2:20

సార్, నేను మధ్యాహ్నం పన్నెండుకే కొట్టాను. మొదటిసారి కొట్టేటప్పటికి కాయల్లో రంధ్రాలున్నాయి. రెండు తప్పులూ ఒప్పుకుంటున్నాను. కాని ముందటి రెండేళ్లూ అలాగే కొట్టాను, కొంతైనా పనిచేసింది. గింజలు ఈ రాత్రి లెక్కపెడతాను.

బంతి చామంతి, వి.కోట · సోమవారం సాయంత్రం 5:45

మా వైపు చామంతి ఎక్కువ. పైరిథ్రం అనే మందు చామంతి పువ్వు నుంచే వస్తుందంటారు కదా. ధర పడిపోయినప్పుడు పారేసే పూలతో కషాయం చేయవచ్చా?

బార్‌కోడు బల్ల, తిరుపతి · సోమవారం రాత్రి 9:30

అన్నా, చేయకండి, ఫలితం ఉండదు. పైరిథ్రం ఇచ్చేది డాల్మేషియా తీరం నుంచి వచ్చిన వేరే మొక్క, తెల్లటి రేకులతో ఉంటుంది. కెన్యా ఎత్తైన ప్రాంతాల్లో పండిస్తారు. రెండూ ఒకే కుటుంబం, పేరు కూడా చామంతి పేరే, కాని మన దండల చామంతి ప్రజాతి వేరు. పైరిథ్రిన్లను పోగుచేసుకునే గుణం దానిదే, మన చామంతిది కాదు. కరివేపలో వేప ఉన్నట్టే ఇదీ. కరివేప నిజానికి నిమ్మ, నారింజల కుటుంబం.

చంద్రగిరి అక్కా, మీ ప్రశ్నకు జవాబు కొంచెం పెద్దది. బార్‌కోడు "ఇది వేప" అని చెప్పగలదు. "ఈ వేపలో బలం ఉంది" అని చెప్పలేదు. ఈ తేడా అర్థం కావడానికి ఆఫ్రికాలో జరిగినది చెబుతాను.

మన వెంపలి తెలుసు కదా, మెట్ట చేలల్లో ఊదా పూలతో మొలిచేది. దాని బంధువు టెఫ్రోసియా వోగెలీ అనే పొద మొక్కను ఆఫ్రికా రైతులు పురుగులకు, నిలవ గింజలకు వాడతారు. దానిలో రోటినాయిడ్లు అనే పదార్థాలు పురుగు కణాల్లో ఊపిరి ఆపేస్తాయి. కొందరు రైతులకు బాగా పనిచేసేది, కొందరికి అసలు పనిచేసేది కాదు. శాస్త్రవేత్తలు పరీక్షించి 2012లో ప్రచురించారు. జాతి ఒకటే, కాని రెండు రసాయన రకాలున్నాయి. ఒకదానిలో రోటినాయిడ్లు ఉన్నాయి, రెండోదానిలో లేవు. మలావీలో దాదాపు నాలుగో వంతు రైతులు ఆ రెండో రకాన్నే నమ్మి పెంచుతున్నారు. చూపుకు ఒకటే, పేరు ఒకటే. ఎంతో శ్రమపడి ఆకులు దంచి చల్లారు, ఫలితం లేదు. ఇది చదివినప్పుడు నాకు నిజంగా దుఃఖం కలిగింది. వాళ్ల పనిలో ఏ లోపమూ లేదు, చేతికి వచ్చిన విత్తనంలోనే లోపం.

వేపలో కూడా చెట్టు చెట్టుకీ, చోటు చోటుకీ అజాడిరాక్టిన్ మోతాదు మారుతుంది. కాబట్టి మొక్క పేరుకు జన్యువు చదవాలి, బలానికి రసాయన పరీక్ష చేయాలి. ఆ బలాన్ని కూడా జన్యువులోనే చదవగలమా అని మావంటివాళ్లం చూస్తున్నాము. బెంగళూరు గణిత్ ల్యాబ్స్ బృందం 2012లో వేప జన్యు పటం ప్రచురించింది, అందులో సుమారు 20 వేల జన్యువులున్నాయి. 2023లో అమెరికా, బ్రిటన్ పరిశోధకులు తురక వేప, నారింజ జన్యువులను వెదికి తీసి, ఒక పొగాకు జాతి మొక్కలో పెట్టి, అజాడిరాక్టిన్‌కు దారితీసే మెట్లలో అజాడిరోన్ అనే నడిమి పదార్థం దాకా చేయించగలిగారు. మిగిలిన మెట్ల జన్యువులు కూడా దొరికితే, బలమైన చెట్టేదో మొలక దశలోనే ఆకు ముక్కతో చెప్పే రోజు రావచ్చు.

దశపర్ణి, పాకాల · మంగళవారం ఉదయం 6:40

మలావీ సంగతి చదివాక నాకొకటి గుర్తొచ్చింది. మా ఊరి చెరువు కట్ట దగ్గర ఉండే యానాది పెద్దాయన వెంపలి వేరు కోసం నన్ను ఒకసారి కొండ పక్కకు తీసుకెళ్లాడు. దారిలో కావలసినంత వెంపలి ఉంది. ఎందుకు తవ్వడం లేదని అడిగితే, దీనికి కాటు లేదు, రాతి పక్కన ఉన్నదానికే కాటు ఉంటుంది అన్నాడు. నాకు రెండూ ఒకేలా కనిపించాయి. ఆయన వేరు కొరికి చూసి, ఉమ్మేసి, నోరు కడుక్కుని మరీ చెప్పాడు. అది ఛాదస్తమనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

బార్‌కోడు బల్ల, తిరుపతి · మంగళవారం ఉదయం 9:15

అక్కా, ఆయన చెప్పినది మా యంత్రానికి దొరకని సంగతి. బార్‌కోడులో ఆ రెండు మొక్కలూ ఒకే జవాబు ఇవ్వవచ్చు. ఆయన ఒప్పుకుంటే, పేరూ వాటా ఆయనకే దక్కేలా రాతపూర్వకంగా రాసుకుని, రెండు చోట్ల వేర్లనూ రసాయన పరీక్షకు పంపిద్దాం. ఆయన చూపించకపోతే ఏ చోట తవ్వాలో కూడా మాకు తెలియదు. ఒక జాగ్రత్త, శేషాచలం అడవి హద్దు లోపల అనుమతి లేకుండా ఏ మొక్కనూ తీయకూడదు. మీ పట్టా భూమి, గట్లు, చెరువు పక్కల నుంచే తెద్దాం.

పంట మాట, తిరుపతి · మంగళవారం ఉదయం 11:00

వేరు కొరికి చూసే పని మాత్రం ఎవరూ చేయకండి. వెంపలి వేరు దంచి మడుగులో కలిపితే చేపలు తేలుతాయి. చెట్టు నుంచి వచ్చిందని హాని లేదనుకోవడం ప్రమాదం. రోటినాయిడ్లలో ఒకటైన రోటినోన్‌ను ప్రయోగశాలల్లో ఎలుకలకు ఇచ్చి, పార్కిన్సన్ వంటి వణుకుడు జబ్బు తెప్పించి ఆ జబ్బును చదువుతారు. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. చేతులకు తొడుగు, ముక్కుకు గుడ్డ ఉండాలి. కషాయం డ్రమ్ము చెరువులో కడగకూడదు.

ఆకు చూసి పేరు, చిత్తూరు · మంగళవారం మధ్యాహ్నం 12:30

నమూనా ఎలా పంపాలో కూడా చెప్పమ్మా, చాలామంది ఆకును ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి కుళ్లబెట్టి తెస్తారు.

ఒక మాట చేరుస్తాను. మన ఎర్రచందనం విషయంలో కూడా ఇదే సమస్య. దుంగకు ఆకు లేదు, పువ్వు లేదు. ఆఫ్రికా నుంచి వచ్చే దాని బంధువు కలపను ఎర్రచందనం పేరుతో అమ్ముతారు. రెంటినీ బార్‌కోడుతో విడదీసిన పరిశోధనలు వచ్చాయి. కొండ మీద పుట్టి పెరిగిన చెట్టు పేరు నిలబెట్టడానికి పనికొచ్చే విద్య గట్టు మీది వేపకూ పనికొస్తే నాకు సంతోషం.

బార్‌కోడు బల్ల, తిరుపతి · మంగళవారం రాత్రి 8:20

తెగులు లేని లేత ఆకులు నాలుగైదు తుంచి, తడి తుడిచి, కాగితం కవరులో పెట్టండి. ఆ కవరును సిలికా జెల్ గుళికలున్న డబ్బాలో వేయండి. ఆకు ఒక రోజులో పెళపెళలాడేలా ఎండాలి, నెమ్మదిగా వాడితే డీఎన్‌ఏ తెగిపోతుంది. ఎండలో మాత్రం పెట్టవద్దు. అదే చెట్టు కొమ్మను పువ్వుతోనో కాయతోనో పాత వార్తాపత్రికల మధ్య ఒత్తిపెట్టి దాచండి. రేపు నా జవాబును ఎవరైనా ప్రశ్నిస్తే ఆ కొమ్మే సాక్షి. తేదీ, ఊరు, ఆ చెట్టును అక్కడ ఏ పేరుతో పిలుస్తారో పెన్సిలుతో రాయండి, పెన్ను సిరా తడికి కరుగుతుంది. మరిగించిన కషాయం పంపవద్దు, అందులో చదవగలిగే డీఎన్‌ఏ మిగలడం కష్టం.

ఇంకొక పరిమితి. హరితరేణువుల జన్యువులు చాలా పూల మొక్కల్లో తల్లి నుంచే వస్తాయి. రెండు జాతుల సంకరం పుడితే ఆర్‌బీసీఎల్, మాట్‌కే తల్లి పేరే చెబుతాయి. కేంద్రకపు ముక్కను కూడా చదవమనడానికి ఇది రెండో కారణం.

టమాటా తోట, పుంగనూరు · బుధవారం రాత్రి 9:05

బస్తా పైనుంచీ నడుమ నుంచీ అడుగు నుంచీ తీసి నూరు గింజలు లెక్కపెట్టాను. నా కూతురు పక్కన కూర్చుని రాసింది. కోలగా నున్నగా ఉన్నవి 38. గుండ్రంగా చాళ్లు తీరినవి 59. మిగిలిన మూడూ పగిలిపోయి ఏవో తెలియలేదు. గుండ్రటివాటిని రాతి మీద పగలగొడితే అయ్యవారు చెప్పినట్టే గదులున్నాయి. నున్నవాటిలో కూడా పదకొండింటి పప్పు నల్లబడి బూజు పట్టింది.

ఆ గింజలు అంగడాయనకు తీసుకెళ్లి చూపించాను. ఆయన చాలాసేపు చేతిలో తిప్పి చూసి, నాకూ ఇలాగే అమ్మారు అన్నాడు. మిగిలిన మూటలు విప్పి ఇద్దరం కలిసి చూశాం. మూడు మూటలు పక్కన పెట్టేశాడు.

చంద్రగిరి అక్కా, ఈ జూన్‌లో మా చెట్లు కాసేదాన్ని బట్టి నాకు ఇంకో 20 కిలోలు కావలసి రావచ్చు, మీ దగ్గర ఏరినవి ఉంచండి. చెల్లెమ్మా, రేపు తిరుపతి బస్సుకు మా బావమరిది వస్తున్నాడు. మూడు కవర్లు పంపుతున్నాను. ఒకటి డబ్బాలోని పొడి, ఒకటి నున్న గింజలు, మూడోది మా గట్టు మీది పెద్ద చెట్టు ఆకు. పేర్లు పెన్సిలుతోనే రాశాను. మూడోదాని మీద "యాప" అని రాశాను, మా ఊళ్లో అలాగే అంటారు.